నాలుగు యాంటెన్నాలు ఉన్నా క్రేను లింకు ఎందుకు తెగుతోంది: గాజువాక మిత్రుడి ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. గాజువాక దగ్గర ఒక సరుకు యార్డులో పట్టాల మీద తిరిగే క్రేన్లను 2.4 గిగాహెర్ట్జ్ రేడియో లింకుతో నడుపుతున్నారు. 25 మీటర్ల మాస్టు పైన ఒకే పెట్టెలో నాలుగు యాంటెన్నాలు ఉన్నాయి, ఒకదానికి మరొకటి 3 సెంటీమీటర్ల ఎడంతో. క్రేను మీద రెండు ఉన్నాయి. క్రేను యార్డు చివరికి, అంటే మాస్టుకు సుమారు 400 మీటర్ల దూరానికి వెళ్లినప్పుడు లింకు తెగి, బరువుతో సహా నిలిచిపోతోంది. ఎనిమిది యాంటెన్నాల పెట్టె కొనమని సరఫరాదారు అంటున్నారు. ప్రసారం చేసే కోడింగ్ పద్ధతి మార్చుదామని మీ సహోద్యోగి అంటున్నారు. రెండింటిలో ఏది సరైనదని మీరు అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. ఉన్న నాలుగు యాంటెన్నాలను రెండు జతలుగా విడదీసి, జతల మధ్య కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వండి. ఒక్కో జతలో ఒక యాంటెన్నాను కుడికి 45 డిగ్రీలు, రెండోదాన్ని ఎడమకు 45 డిగ్రీలు వంచండి. ఈ ఎడం ఏ దిశలో ఉండాలన్నదే అసలు విషయం, దాని గురించి కింద వివరంగా రాస్తాను. ఇది చేశాక కూడా సమస్య మిగిలితే అప్పుడు మిగతావి చూద్దాం. విశాఖ చుట్టుపక్కల పోర్టు యార్డుల్లోనూ తీరం వెంబడీ రేడియో లింకులు కట్టడమే చాలా ఏళ్లుగా నా పని. మీది నేను మళ్లీ మళ్లీ చూసిన సమస్య.

కారణం చెబుతాను. క్రేను నుంచి బయలుదేరిన తరంగం ఒక్క దారిలో రాదు. పక్కనున్న కంటైనర్లకు, పట్టాలకు, ఇనుప దూలాలకు తగిలి అనేక దారుల్లో వస్తుంది. అవన్నీ యాంటెన్నా దగ్గర కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదానికొకటి బలమిస్తాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అలా చచ్చిన చోటును మేము గుంట అంటాం. నేరుగా చూపు లేని యార్డులో, ఒకే యాంటెన్నా ఉంటే, సిగ్నల్ తన సగటు కన్నా 10 డెసిబెల్ కిందికి, అంటే శక్తిలో పదో వంతుకు, పడిపోయే సమయం సుమారు 9.5 శాతం. అంటే 10,000 కొలతలు తీస్తే దాదాపు 950 గుంటలో ఉంటాయి. రెండో యాంటెన్నా పెట్టి, రెంటిలో ఏది బాగుంటే దాన్ని తీసుకుంటే, రెండూ ఒకేసారి గుంటలో పడేది 10,000 లో దాదాపు 90 సార్లు. నాలుగు పెడితే ఒకసారి కూడా కాదు. ఇలా ఒకటి పడ్డప్పుడు ఇంకొకటి ఆదుకోవడాన్నే డైవర్సిటీ అంటాం.

కానీ ఈ లెక్కంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. ఒక యాంటెన్నా గుంటలో పడటానికీ ఇంకొకటి పడటానికీ సంబంధం ఉండకూడదు. ఒకేచోట నాలుగు వలలు వేస్తే చేప లేని పూట నాలుగూ ఖాళీగానే వస్తాయి. మీ పెట్టెలో జరుగుతున్నది అదే. నిజంగా విడివిడిగా పడి లేచే నాలుగు యాంటెన్నాలు మీకు ఉండి ఉంటే గుంటల వల్ల లింకు ఇన్నిసార్లు తెగేది కాదు, కాబట్టి ఎనిమిదితో పనే ఉండేది కాదు. విడివిడిగా లేనప్పుడు ఎనిమిది పెట్టినా ఎనిమిదీ కలిసే పడతాయి.

ఇప్పుడు ఎడం లెక్క. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 6 సెంటీమీటర్ల పైచిలుకు ఎడం చాలని పుస్తకాల్లో చదివి ఉంటారు. అది తప్పు కాదు. అయితే తరంగాలు అన్ని వైపుల నుంచీ వచ్చి పడే చోటుకే అది వర్తిస్తుంది. క్రేను మీది యాంటెన్నాల పరిస్థితి అదే: వాటి చుట్టూ ఇనుమే. అక్కడ సగం తరంగదైర్ఘ్యం నిజంగానే చాలు. మాస్టు పైనున్న యాంటెన్నాల పరిస్థితి వేరు. 25 మీటర్ల ఎత్తున వాటి చుట్టూ గాలి తప్ప ఏమీ లేదు. అక్కడి నుంచి చూస్తే క్రేనూ, దాని చుట్టూ తరంగాన్ని చెదరగొట్టే ఇనుమూ కలిపి ఒక చిన్న ముక్కలా కనిపిస్తాయి. క్రేను చుట్టూ 20 మీటర్ల వ్యాసార్థంలోని వస్తువులే ఆ పని చేస్తున్నాయనుకుంటే, 40 మీటర్ల వెడల్పును 400 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. ఆ కోణం 0.1 రేడియన్, ఆరు డిగ్రీల లోపు. కోణం ఎంత సన్నబడితే యాంటెన్నాల మధ్య ఎడం అంత పెరగాలి. తరంగదైర్ఘ్యాన్ని ఆ కోణంతో భాగిస్తే సుమారుగా కావలసిన ఎడం వస్తుంది: 12.5 సెంటీమీటర్లను 0.1 తో భాగిస్తే 125 సెంటీమీటర్లు. నేను ఒకటిన్నర మీటరు అన్నది అందుకే. మీ 3 సెంటీమీటర్లు ఇందులో నలభయ్యో వంతు కూడా లేదు.

ఈ ఎడాన్ని క్రేను దిశకు అడ్డంగా ఇవ్వాలి. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. మాస్టు నుంచి క్రేను వైపు వేలు చూపించండి. ఆ వేలి వెంట ముందొకటి, వెనకొకటి పెడితే ఒకటిన్నర మీటరు ఇచ్చినా ఫలితం అంతంతమాత్రమే, ఎందుకంటే తరంగాలన్నీ దాదాపు ఒకే వరసలో రెండింటినీ దాటుకుంటూ పోతాయి. చేతులు రెండు పక్కలకూ చాపితే వచ్చే దిశ కావాలి. క్రేను కదులుతూ ఉంటుంది కాబట్టి అన్ని చోట్లా అడ్డంగా ఉండే దిశ దొరకదు. లింకు ఎక్కువగా తెగుతున్న చోటును గుర్తించి దానికి అడ్డంగా పెట్టండి. మీ మాటల్లో అది యార్డు చివర అని ఉంది. మాస్టు పట్టాల మధ్యభాగం పక్కన ఉంటే, చివరికి వెళ్లిన క్రేను దాదాపు పట్టాల దిశలోనే ఉన్నట్టు. అప్పుడు ఎడం పట్టాలకు అడ్డంగా ఉండాలి, పట్టాల వెంబడి కాదు. చూడటానికి పట్టాల వెంబడి పెట్టడమే సహజంగా అనిపిస్తుంది, జాగ్రత్త.

నిలువుగా, ఒకదాని కింద ఒకటి పెట్టకూడదా అని అడగవచ్చు. యార్డులో దాని వల్ల లాభం తక్కువ. తరంగాలు పక్కలకు విచ్చుకున్నంతగా పైకీ కిందికీ విచ్చుకోవు. నీటి మీద సంగతి వేరు. దానికి నాకు ఎదురైన ఒక ఉదాహరణ చెబుతాను.

భీమిలి దారిలో తీరం మీది రెండు చోట్ల మధ్య 8 కిలోమీటర్ల లింకు, 5.8 గిగాహెర్ట్జ్. తీరం లోపలికి వంగిన చోటు కావడంతో మధ్యలో దాదాపు అంతా నీరే. రెండు యాంటెన్నాలు పక్కపక్కనే అడ్డంగా పెట్టి ఉన్నాయి. ఏ లోపమూ లేదు, అయినా రోజూ రెండుసార్లు కొన్ని గంటలు సిగ్నల్ కుంగిపోయేది. పరికరం వేడెక్కుతోందని ఒకరు, విద్యుత్తు సరిగా లేదని ఒకరు. అక్కడి కుర్రవాడు ఒకడు పడిపోయిన సమయాలను గోడ మీది క్యాలెండర్‌లో పెన్సిలుతో రాస్తూ వచ్చాడు. సోమవారం ఉదయం ఆరు గంటలు, మంగళవారం ఏడుకు పది నిమిషాల ముందు, బుధవారం ఎనిమిదికి ఇరవై నిమిషాల ముందు. రోజుకు యాభై నిమిషాలు జరుగుతోంది. ఆ గళ్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోతుంటే సముద్రం గుర్తుకొచ్చింది. ఆటుపోట్ల సమయం రోజురోజుకూ జరిగేది అంతే కదా. లింకు పడిపోతున్నది సరిగ్గా ఆటు సమయంలో.

లెక్క వేస్తే అంతా సరిపోయింది. భూమి వంపు తీసేశాక ఆటు సమయంలో రెండు వైపులా ఎత్తు నీటి నుంచి 20 మీటర్లు. నేరుగా వచ్చే తరంగానికీ నీటికి తగిలి వచ్చే తరంగానికీ దారిలో తేడా ఎంతంటే, రెండు ఎత్తుల లబ్ధానికి రెట్టింపును దూరంతో భాగించాలి: 10 సెంటీమీటర్లు. తరంగదైర్ఘ్యం 5.17 సెంటీమీటర్లు, కాబట్టి దాదాపు రెండు పూర్తి తరంగాలు. నీటికి తగిలినప్పుడు తరంగం తలకిందులవుతుంది, అందువల్ల తేడా పూర్తి తరంగాలైతే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పోటు వచ్చి నీరు ఒకటిన్నర మీటరు పెరిగితే ఆ తేడా 8.6 సెంటీమీటర్లకు తగ్గి, సిగ్నల్ మళ్లీ లేస్తుంది. పక్కపక్కనున్న రెండు యాంటెన్నాలకూ ఎత్తు ఒకటే, కాబట్టి తేడా ఒకటే, కాబట్టి రెండూ కలిసే మునిగాయి. రెండోదాన్ని అదే మాస్టు మీద 5 మీటర్లు కిందికి దించాం. దాంతో ఒకటి గుంటలో ఉన్నప్పుడు ఇంకొకటి గట్టు మీద ఉంటుంది. ఆటు సమయపు బాధ ఆ రోజుతో పోయింది. కొన్ని రాత్రులు సముద్రం మీది తేమ పొరల వల్ల తరంగం వంగి, చిన్న చిన్న ఒడిదుడుకులు వచ్చేవి, అంతే.

ఒకచోట అడ్డంగా, ఒకచోట నిలువుగా ఎందుకన్నది ఇప్పుడు తెలిసే ఉంటుంది. రెండో తరంగం ఎటు నుంచి వస్తోందో, ఆ తేడా కనిపించే దిశలో యాంటెన్నాలను విడదీయాలి.

వంపు సంగతికి వస్తాను. 45 డిగ్రీల వంపు ఎందుకంటే, ఇనుముకు తగిలి చెదిరిన తరంగం తన ధ్రువణాన్ని, అంటే ఊగే దిశను, కొంత మార్చుకుంటుంది. కుడికి వంచిన యాంటెన్నాకూ ఎడమకు వంచినదానికీ అందే సిగ్నళ్లు చాలావరకు విడివిడిగా పడి లేస్తాయి, పైగా వాటిని ఒకేచోట పెట్టవచ్చు. ఒకదాన్ని నిలువుగా, మరొకదాన్ని అడ్డంగా పెట్టినా విడిపోతాయి. కానీ క్రేను మీది యాంటెన్నా నిలువుగా ఉంటే, మాస్టు మీది అడ్డ యాంటెన్నాకు అందే బలం బాగా తగ్గిపోతుంది. చెరో పక్కకు 45 డిగ్రీలు వంచితే రెంటికీ సమానంగా అందుతుంది. ఈ సమానత్వం చాలా ముఖ్యం. ఒక యాంటెన్నా మిగతావాటి కన్నా 10 డెసిబెల్ బలహీనంగా ఉంటే, అవసరం వచ్చిన క్షణంలో అది ఆదుకోదు.

ఆ బలహీనత మన ఊళ్లో ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. నాలుగు యాంటెన్నాలున్న ఒక పెట్టెలో రెండు ఏమాత్రం పనిచేయడం లేదని పిలిస్తే ఒకసారి వెళ్లాను. కనెక్టరు మరను తిప్పితే కిర్రుమని శబ్దం వచ్చింది. లోపల పచ్చని పొడి, మధ్య సూది చుట్టూ తెల్లటి ఉప్పు. పైన చుట్టిన టేపు చూడటానికి కొత్తదానిలాగే ఉంది. కానీ కింది అంచు తెరుచుకుని ఉప్పుగాలి లోపలికి పోయింది. పరికరం తెర మీద మాత్రం నాలుగు యాంటెన్నాలూ ఉన్నట్టే చూపిస్తోంది! విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఏ మాస్టు మీదైనా, ముందు కనెక్టర్లన్నీ విప్పి చూడండి. సాగదీస్తే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును కింది నుంచి పైకి, పొర మీద పొర వచ్చేలా చుట్టండి. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక హడావుడిగా తిరిగి నిలబెట్టిన మాస్టుల్లో నేను చూసిన ఇంకో పొరపాటు: రెండు యాంటెన్నాలనూ ఒకే వంపులో బిగించేయడం. కింద నుంచి చూస్తే తెలియదు, ఎక్కి చూడాలి.

కొనేముందు కొలవండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట. చాలా రేడియోలు ఒక్కో యాంటెన్నాకు అందిన బలాన్ని విడివిడిగా చూపిస్తాయి. క్రేను సెకనుకు ఒక మీటరు వేగంతో నడుస్తుంటే సెకనుకు 100 కొలతలు తీయండి, సెంటీమీటరుకు ఒకటి వస్తుంది. ప్రతి యాంటెన్నా కొలతల నుంచి 20 నుంచి 40 తరంగదైర్ఘ్యాల మేర, అంటే రెండున్నర నుంచి 5 మీటర్ల మేర తీసిన జారుడు సగటును (క్రేనుతో పాటు జరుగుతూ పోయే సగటును) తీసేయండి. దూరం వల్ల, నీడ వల్ల నెమ్మదిగా వచ్చే మార్పు పోయి గుంటలు మాత్రమే మిగులుతాయి. ఇప్పుడు ప్రతి రెండు యాంటెన్నాల మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంతవరకు కలిసి పడి లేస్తున్నాయన్నది, చూడండి. 1 అయితే పూర్తిగా కలిసి, సున్నా అయితే సంబంధం లేకుండా. 0.7 కన్నా తక్కువ ఉంటే డైవర్సిటీ లాభంలో ఎక్కువ భాగం మీకు అందుతున్నట్టే. సున్నా కోసం తాపత్రయపడనవసరం లేదు. మీ పెట్టెలో ఇప్పుడు 0.9 పైన వస్తుందని నా అంచనా. సగటు తీసేయకుండా లెక్కేస్తే అన్నీ కలిసి పడిలేస్తున్నట్టే కనిపిస్తుంది, ఆ తప్పు చేయకండి.

ఇక మీ సహోద్యోగి చెప్పిన కోడింగ్. ఆయన ఆలోచన తప్పు కాదు, దాని వంతు తర్వాత వస్తుంది. 1998 లో అలమౌటి అనే ఇంజనీరు చూపిన పద్ధతిలో రెండు ప్రసార యాంటెన్నాలు రెండు సంకేతాలను రెండు సమయాల్లో అటూ ఇటూ మార్చి పంపుతాయి. తరంగం వెళ్లే దారి ఎలా ఉందో పంపేవారికి తెలియకపోయినా పూర్తి డైవర్సిటీ వస్తుంది. క్రేను మీద రెండు, మాస్టు మీద నాలుగు అంటే ఎనిమిది దారులు, ఎనిమిదీ పనికొస్తాయి. కానీ మీ రేడియో అమరికల్లో ఒకటి చూడండి: వేగం కోసం రెండు యాంటెన్నాల నుంచి రెండు వేరువేరు డేటా ప్రవాహాలు పంపేలా ఉందేమో. అలా ఉంటే, మామూలు రిసీవర్‌లో ఒక్కో ప్రవాహానికి మిగిలే డైవర్సిటీ మూడే, ఎందుకంటే నాలుగింటిలో ఒకదాని శక్తి రెండో ప్రవాహాన్ని విడదీయడానికే ఖర్చయిపోతుంది. క్రేను ఆజ్ఞలకు వేగం అక్కర్లేదు, అవి కొద్ది బైట్లే. ఒకే ప్రవాహం పెట్టండి, అలమౌటి తరహా కోడింగ్ ఎంపిక ఉంటే దాన్ని ఎంచుకోండి. అందుకునే వైపు ఒక్క యాంటెన్నాను ఎంచుకునే పద్ధతి కన్నా, నాలుగింటినీ వాటి బలాన్ని బట్టి కలిపే ఎంఆర్‌సీ పద్ధతి మేలు. నాలుగు విడి యాంటెన్నాలతో సగటు బలం మొదటిదానిలో సుమారు 3 డెసిబెల్ పెరిగితే రెండోదానిలో 6 పెరుగుతుంది. అయితే ఒక హెచ్చరిక: యాంటెన్నాలు కలిసి పడుతున్నంత కాలం ఏ కోడూ వాటిని విడదీయలేదు.

ఒకటి నుంచి రెండుకు వెళ్లినప్పుడు వచ్చే లాభమే అన్నిటికన్నా పెద్దది. రెండు స్థాయిల సరళమైన మాడ్యులేషన్‌లో వెయ్యికి ఒక బిట్ తప్పు వచ్చే స్థాయికి, ఒక యాంటెన్నాకు శబ్దం కన్నా సుమారు 24 డెసిబెల్ ఎక్కువ సిగ్నల్ కావాలి. విడివిడిగా పడే రెండు యాంటెన్నాలను కలిపితే ఒక్కోదానికి 11 చాలు. పదమూడు డెసిబెల్ అంటే ప్రసార శక్తిని ఇరవై రెట్లు పెంచినంత. అందుకే ఉన్నవాటిని సరిగ్గా అమర్చమని ఇంతగా చెబుతున్నాను.

సరిగ్గా అమర్చినా డైవర్సిటీ ఆదుకోలేని సందర్భం ఒకటుంది. పెద్ద ఓడ పక్కనో కంటైనర్ల గుట్ట వెనకో క్రేను వెళ్లి పూర్తిగా మరుగున పడితే, మాస్టు మీది యాంటెన్నాలన్నీ ఒకేసారి చీకట్లోకి పోతాయి. ఒకటిన్నర మీటరు కాదు, పది మీటర్లు విడదీసినా అంతే. జారుడు సగటు గ్రాఫే ఆ చోట పెద్దగా పడిపోయి కనిపిస్తే అది గుంట కాదు, నీడ. దానికి యార్డు అవతలి వైపు రెండో రిసీవరు పెట్టడమే దారి. మీకు ఖర్చు పెట్టవలసి వస్తే ఎనిమిది యాంటెన్నాల పెట్టె మీద కాకుండా దీని మీద పెట్టండి.

ఖర్చు లేనిది ఇంకొకటి, ఫ్రీక్వెన్సీ మార్చడం. మీ యార్డులో వేరువేరు దారుల మధ్య తేడా 60 మీటర్లయితే ఆలస్యం 200 నానోసెకన్లు. దాని విలోమం 5 మెగాహెర్ట్జ్. అంతకు మించి జరిగితే గుంట దాదాపుగా చోటు మార్చుకుంటుంది. లింకు తెగగానే క్రేను ఆగుతుంది, ఆగేది ఒక్కోసారి సరిగ్గా ఆ గుంటలోనే. కదలనంత సేపు గుంటా కదలదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించినా లింకు ఎందుకు రావడం లేదని ఆపరేటరు తల పట్టుకునేది అప్పుడే. మీ రేడియోలో ఛానళ్ల మధ్య గెంతే అమరిక ఉంటే వెంటనే వేయండి.

మైమో గురించి, అంటే రెండు వైపులా అనేక యాంటెన్నాలు వాడే ఈ పద్ధతి గురించి, ఇంకా లోతుగా చదవాలనుకుంటే ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ కృషితో మొదలుపెట్టండి. భారత నౌకాదళంలో సోనార్ మీద పనిచేసిన అధికారి, 1992 లో థామస్ కైలాత్ అనే ప్రొఫెసరుతో కలిసి బహుళ యాంటెన్నాల పేటెంటుకు దరఖాస్తు చేశారు, 2014 లో మార్కొని బహుమతి అందుకున్నారు. నౌకాదళం ఉన్న ఊళ్లో ఈ పని చేస్తున్న మనకు ఆ పేరు తెలిసి ఉండాలి.

చివరిగా, దయచేసి ఒకటి గుర్తుంచుకోండి. క్రేను కింద మనుషులు నిలబడి పనిచేస్తారు. డైవర్సిటీ ఎంత బాగున్నా అత్యవసరంగా ఆపే ఏర్పాటు ఆ రేడియో మీద ఆధారపడకూడదు. లింకు పోతే బరువు జారకుండా బ్రేకు దానంతట అదే పడాలి. మాస్టు ఎక్కేముందు ఆ బ్రేకును ఒకసారి పరీక్షించండి, యాంటెన్నాలు మార్చే రోజు క్రేన్లను పూర్తిగా ఆపించండి.

పట్టాలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు ఉన్నాయి, మాస్టు వాటికి ఏ వైపున ఎంత దూరంలో ఉంది, ఒక్కో యాంటెన్నా కొలతలు: ఈ మూడూ ఇక్కడ పెట్టండి. కొలతలు క్రేను చివరి 50 మీటర్లు నడిచినప్పటివి అయితే చాలు. సహసంబంధం నేనే లెక్కవేసి, జతలను మాస్టు మీద ఏ దిశలో బిగించాలో చెబుతాను.